కర్సివ్ రాత: చెయ్యి ఎక్కడ ఆగుతోందో చూడండి

ప్రశ్న: మా బాబు ఒకటో తరగతి. ఇంగ్లిష్ కలిపిరాత, అదే కర్సివ్‌లో ఒక్కో అక్షరం చక్కగా రాస్తాడు. మాట రాయమంటే మాత్రం అక్షరం అక్షరానికీ పెన్సిల్ ఎత్తేస్తాడు. లేదా విడివిడిగా రాసేసి, తరవాత మధ్యలో గీతలు అతికిస్తాడు. రోజూ రెండు పేజీలు రాయిస్తున్నా మార్పు లేదు.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ రెండు పేజీలు ఆపండి. అతికించే అలవాటే ఇంకా గట్టిపడుతోంది. రోజుకు పది పదిహేను నిమిషాలు, నాలుగైదు వరసలు చాలు.

బాబుకు అక్షరం వచ్చింది, దాని తోక రాలేదు. నాలుగు గీతల కాపీ పుస్తకంలో అక్షరం మూడో గీత మీద కూర్చుంటుంది. కర్సివ్‌లో అది అక్కడ ఆగదు, రెండో గీత వైపు లేస్తుంది. ఆ లేచే గీతే పక్క అక్షరానికి మొదలు. తెలుగులో పిల్లలకిది అలవాటు లేదు. అక్షరం రాసి, చెయ్యెత్తి తలకట్టు పెట్టి, మళ్లీ ఎత్తి పక్కదానికి వెళ్తారు. కరణాల గొలుసుకట్టు రాత ఇప్పుడెవరు నేర్పుతున్నారు గనక!

మొదట ఐ, యు, టి, ఎల్, ఇ అనే అయిదు అక్షరాలే తీసుకోండి. ఐ-టి, యు-ఎల్, ఎల్-ఇ అని జంటలు రాయించి, తరవాత లెట్, టెల్, లిటిల్ రాయించండి. ఐ మీద చుక్క, టి అడ్డగీత మాట మొత్తం అయ్యాకే. లిటిల్‌లో చివరి ఇ దాకా చెయ్యి లేవకూడదు, ఆ తరవాతే ఒక చుక్క, రెండు అడ్డగీతలు. చాలామంది పిల్లలకు గొలుసు తెగేది ఆ చుక్క దగ్గరే. పక్కన కూర్చుని వినండి: ఎత్తి పెట్టిన ప్రతిసారీ పెన్సిల్ టక్కుమంటుంది.

తరవాత ఏ, సి, డి, జి. ఇక్కడ తోక నేరుగా అక్షరంలోకి పోదు. రెండో గీత దాకా ఎక్కి, గడియారంలో 2 అంకె ఉండే చోట ఆగి, వచ్చిన గీత మీదే కాస్త వెనక్కి వెళ్లి అప్పుడు గుండ్రం తిరగాలి. వెనక్కి వెళ్లకపోతే ఏ అక్షరం నోరు తెరుచుకుని యు అయిపోతుంది.

బి, ఓ, వి, డబ్ల్యూ మాత్రం ఆఖరున, విడిగా నేర్పండి. ఇవి కింద ముగియవు, రెండో గీత దగ్గరే ముగుస్తాయి. అక్కణ్ణుంచి కొంచెం వంగి పక్కకు సాగాలి. అలవాటుకొద్దీ మూడో గీతకు దిగితే ఓ-ఎన్ కాస్తా ఏ-ఎన్ అవుతుంది. వీటి వెనక వచ్చే అక్షరం రూపు కూడా మారుతుంది. డబ్ల్యూ తరవాత ఇ కింద నుంచి మొదలుకాదు, పైనుంచే కాస్త దిగి మెలిక తిరుగుతుంది. వీటి వెనక వచ్చే ఆర్, ఎస్‌లకు కింద నుంచి ఎక్కే గీతే ఉండదు. ఓ-ఆర్, ఓ-ఎస్, వి-ఇ, బి-ఆర్ జంటలకు ఒక్కోదానికి రెండు మూడు రోజులు ఇచ్చినా ఎక్కువ కాదు.

కాపీ కొనేముందు స్కూల్లో ఏ నమూనా నేర్పుతున్నారో చూడండి. పెద్ద ఏబీసీడీలు ఒక్కో కాపీలో ఒక్కోలా ఉంటాయి. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాతది చవగ్గా దొరకొచ్చు గానీ, ముందెవరో దిద్దేసి ఉంటారు.

ప్రశ్న: మా పాపది ఎడమచేతి వాటం. కర్సివ్ మొదలయ్యాక మణికట్టు బాగా వంచేసి రాస్తోంది. చెయ్యి మార్పించమంటున్నారు మా అత్తగారు.
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: చెయ్యి మార్చొద్దు, పుస్తకాన్ని తిప్పండి. కుడిచేతి పిల్లలకు పుస్తకం పై కుడి మూల పైకి ఉంటుంది. మీ పాపకు పై ఎడమ మూల పైకి రావాలి. పుస్తకం ఒంటికి ఎదురుగా కాకుండా కొంచెం ఎడమకు జరపండి. పెన్సిల్ మొన నుంచి 3 సెంటీమీటర్ల పైన పట్టుకుంటే రాసింది కనబడుతుంది. కనబడక వంచుతోందంతే. టి అడ్డగీత కుడి నుంచి ఎడమకు గీసినా వదిలేయండి. బెంచీలో ఎడమ చివర కూర్చోబెట్టమని టీచరుగారికి చెప్పండి, మోచేతులు కొట్టుకోవు. జెల్ పెన్ను ఇప్పుడే వద్దు, అరచేతికి అంటుకుంటుంది.

ప్రశ్న: నాలుగో తరగతి అబ్బాయి. కాపీలో బాగానే ఉంటుంది, నోట్సులో అంతా అలుక్కుపోతుంది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నోట్సులో ఒక్క గీతే ఉంటుంది, చిన్న అక్షరం ఎత్తు ఎక్కడిదాకానో తెలియదు. నెలపాటు స్కేలుతో పెన్సిల్ గీత గీసివ్వండి, తరవాత మానేయండి. పెద్ద పి, టి, వి, డబ్ల్యూలను పక్క అక్షరానికి కలపక్కర్లేదు. మరీ పొడుగు మాటలో మధ్యన ఒకసారి చెయ్యి ఎత్తినా తప్పు పట్టకండి.