ఇంగ్లిష్ ఉపవాక్యంలో క్రియావిశేషణం ఎక్కడ రావాలి?

ఆల్వేస్, ఆఫెన్, నెవర్ వంటి క్రియావిశేషణాలు ఇంగ్లిష్ ప్రధాన వాక్యంలో సాధారణంగా ఎక్కడ వస్తాయో, దట్, వై, బికాజ్ వంటి పదాలతో మొదలయ్యే ఉపవాక్యంలోనూ అక్కడే వస్తాయి: అసలు క్రియకు ముందు, సహాయక క్రియలు ఉంటే వాటిలో మొదటిదాని తరువాత, ఈజ్, వాజ్ వంటివే క్రియలైతే వాటి తరువాత. జర్మన్‌లోలాగా క్రియ ఉపవాక్యం చివరికి జరిగే పేచీ ఇంగ్లిష్‌లో లేదు; కర్త, క్రియల వరుస మామూలుగానే ఉంటుంది గనుక క్రియావిశేషణమూ తన చోటు వదలదు.

"వై ఈజ్ హి ఆల్వేస్ లేట్?" అనే ప్రశ్నను "ఐ డోంట్ నో" తరువాత చేరిస్తే "ఐ డోంట్ నో వై హి ఈజ్ ఆల్వేస్ లేట్" అవుతుంది, ఈజ్ కర్త తరువాతికి వచ్చింది, ఆల్వేస్ కదలలేదు. ప్రశ్నార్థక పదాన్ని ఆనుకునే క్రియావిశేషణం రావాలనుకుని "వై ఆల్వేస్ హి ఈజ్ లేట్" అని రాయడం చాలామంది చేసే పొరపాటు.