గోడల్లో మిగిలేది ఎంత, వడ్డీలో పోయేది ఎంత?

ప్రశ్న: మేం ఎనిమిది కుటుంబాలం కలిసి అప్పు చేసి స్థలం కొన్నాం. ఎవరి ఇల్లు, ఎవరి వంటగది వాళ్లవే. పెద్ద భోజనాల హాలు, అతిథి గదులు మాత్రం అందరికీ కలిపి. మాలో ఒకాయన మట్టి నింపిన సంచులతో గోడలు లేపుదామంటున్నారు, గోడల ఖర్చు మూడో వంతు తగ్గుతుందట. ఇంజినీరేమో మామూలు పద్ధతే మేలంటున్నారు. బడ్జెట్ చూస్తే అంతంతమాత్రం. ఏం చేయమంటారు?

జవాబు: ఇంజినీరు మాట వినండి. మట్టి గోడలంటే నాకు చిన్నచూపేమీ లేదు. కానీ మీరు అడిగింది డబ్బు గురించి కాబట్టి ఒక ఊహా లెక్క వేద్దాం.

కట్టుబడి ఖర్చు 100 అనుకోండి. పునాది, కప్పు, కరెంటు, ప్లంబింగ్, తలుపులు, ఫ్లోరింగ్ అన్నీ పోగా గోడలకి 15 పడిందనుకుందాం. అందులో మూడో వంతు అంటే 5. ఇప్పుడు రెండో వైపు చూడండి. స్థలం కోసం తెచ్చిన అప్పు 60, వడ్డీ 9 శాతం. మట్టి సంచుల వల్ల పర్మిషన్ ఎనిమిది నెలలు ఆలస్యమైతే వడ్డీకే 3.6 పోతుంది. మిగిలిన 1.4లోంచే పరీక్షలకీ, ఇంజినీరు అదనపు ఫీజుకీ కట్టాలి. ఆ ఎనిమిది నెలలూ ఎనిమిది ఇళ్ల అద్దెలు నేనింకా లెక్కలోకే తీసుకోలేదు!

ఆలస్యం ఎందుకవుతుందంటే, తెలిసిన పద్ధతికి గోడ మందం ఎంత, ఇనుము ఎంత అన్నది కోడ్ పుస్తకంలోనే, అంటే కట్టడాల నిబంధనల పుస్తకంలోనే ఉంటుంది. తెలియని పద్ధతిని కోడ్ కాదనదు, కానీ అది కూడా అంతే గట్టిదని పరీక్షలతో నిరూపించే భారం మీ మీదే పడుతుంది. ఆ తర్వాత లోన్ ఇచ్చేవాళ్ల వాల్యుయేషన్, ఇన్సూరెన్స్, రేపు ఒక కుటుంబం వెళ్లిపోతే ఆ ఇంటిని కొనేవాళ్ల అనుమానాలు ఉండనే ఉన్నాయి. అందరూ ఒకే పర్మిషన్ మీద కడుతుంటే, ఒక్క ఇంట్లో లోపం దొరికినా ఎనిమిది ఇళ్ల ఆక్యుపెన్సీ సర్టిఫికెట్లూ (ఇంట్లో చేరడానికి ఇచ్చే అనుమతి పత్రాలు) ఆగిపోవచ్చు. అసలు టెన్షన్ అదే.

తక్కువ ఖర్చులో గట్టి ఇల్లు కావాలంటే కన్ఫైన్డ్ మేసన్రీ గురించి మీ ఇంజినీరుని అడగండి. ముందు ఇటుక గోడ కట్టి, దాని అంచుల్లో సన్నటి కాంక్రీటు స్తంభాలు, పైన బీము పోసి గోడను బిగిస్తారు. 2010లో చిలీలో 8.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఇలా కట్టిన తక్కువ అంతస్తుల ఇళ్లు చాలావరకు బాగానే నిలబడ్డాయి.

నిజంగా డబ్బు మిగిలేది ప్లాన్ కాగితం మీద. ఎనిమిది రకాల ఇళ్లు గీయించకండి, రెండు రకాలు చాలు. స్నానాల గదుల్ని వీపుకి వీపు ఆనించి పెడితే పైపులు తగ్గుతాయి. అతిథి గదులు ఉమ్మడిగా ఉన్నాయి కాబట్టి ఇళ్లు చిన్నవైనా ఇబ్బంది లేదు. కలిసి ఉన్న గోడల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. నిప్పు ఒక ఇంటి నుంచి పక్కింటికి పాకకుండా ఆపేది ఆ గోడే, దాన్ని కప్పు దాకా లేపాలి. సీలింగ్ దగ్గర ఆపేస్తే లాభం లేదు.

భోజనాల హాలు సైజు కూడా ఒకసారి చూసుకోండి. అమెరికాలో ఎక్కువగా వాడే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం బల్లలు, కుర్చీలు వేసే హాల్లో మనిషికి 15 చదరపు అడుగుల లెక్క. 900 అడుగుల హాలంటే 60 మంది. మీరు ముప్పై మందే ఉన్నా కోడ్ చూసేది హాలునే. లెక్క 50కి చేరితే రెండో దారి ఉండాలి, తలుపులు బయటికి తెరుచుకోవాలి, వాటికి నెడితే తెరుచుకునే బార్లు పెట్టాలి. 720 అడుగులైతే 48 మంది, ఆ ఖర్చులు చాలావరకు తప్పుతాయి. మీ దగ్గర అంకెలు వేరుగా ఉండొచ్చు, కానీ ఇలాంటి గీత ఒకటి తప్పకుండా ఉంటుంది. అదెక్కడుందో ప్లాన్ గీయకముందే కనుక్కోండి.

అనుకోని ఖర్చుల కోసం కట్టుబడి ఖర్చులో పది శాతం విడిగా పెట్టి, దాన్ని ఖర్చు చేయాలంటే ఎనిమిది సంతకాలూ ఉండాలని రాసుకోండి. ఇక మట్టి సంచులంటున్న మీ మిత్రుణ్ణి నిరుత్సాహపరచకండి. తోటలో కూర్చునే అరుగు కట్టే పని ఆయనకే అప్పగించండి.