టానిక్ కొడితే వరి పచ్చబడింది, మీరెందుకు సిఫారసు చేయరు?

ప్రశ్న: యాసంగి వరి నాటిన మూడు వారాలకు పసుపురంగుకు తిరిగి గిడసబారింది. డీలరు చెప్పినట్టు జింకు, యూరియా, ఒక టానిక్ కలిపి కొట్టాను. పది రోజుల్లో పచ్చబడింది. పక్క పొలం ఇంకా పసుపుగానే ఉంది. ఇంత మంచి టానిక్‌ను మీరెందుకు చెప్పరు? – ఒక రైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: ట్యాంకులో మూడు పోసి, పేరు మాత్రం టానిక్‌కు ఇచ్చారు. మీ పైరుకు వచ్చింది చలి దెబ్బ, జింకు లోపం అనిపిస్తోంది. ముదురాకుల మీద తుప్పు మచ్చలు, మూడో నాలుగో ఆకు మధ్య ఈనె పాలిపోవడం కనిపించాయా? అయితే జింకే. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు, 5 రోజుల ఎడంతో 2–3 సార్లు కొడితే చాలు. రాత్రి చలి తగ్గాక ఏమీ కొట్టని పైరు కూడా కొంత తేరుకుంటుంది. పక్క పొలం నాటిన తేదీ, రకం, నీరు వేరైతే ఆ పోలిక చెల్లదు.

డబ్బు పెట్టి కొన్న మందు పనిచేసినట్టే కనబడుతుంది. పైర్లపై ప్రయోగాలు చేసే మా కళ్లూ అంతే, అందుకే మేం వాటిని నమ్మం. ఏ మడికి ఏ మందో చీటీ తీసి తేలుస్తాం. మడికి నంబరే ఉంటుంది, మందు పేరుండదు. ఏం కొలవాలో ముందే రాసుకుంటాం. చీటీ తీయడమనేది ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1920ల్లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ చూపిన దారి.

మీరూ చేయొచ్చు. వచ్చే యాసంగిలో ఒకే మడిలో 7×7 మీటర్ల గళ్లు ఎనిమిది, జతలుగా గుర్తుపెట్టండి. ప్రతి జతకూ బొమ్మా బొరుసూ వేసి ఒక గడికి జింకు మాత్రమే, రెండోదానికి జింకు, టానిక్ రెండూ కొట్టండి. మిగతావన్నీ సమానం. గాలి లేనప్పుడే కొట్టండి. కోతప్పుడు చుట్టూ మీటరు వదిలి లోపలి 5×5 మీటర్లే కోయించండి. కోసేవాళ్లకు, తూచేవాళ్లకు ఏ గడి ఏదో చెప్పకండి. ఎండిన గింజ తూకాల్లో సగటు తేడాను 162తో హెచ్చిస్తే ఎకరా లెక్క వస్తుంది. ఆకు పచ్చదనం లెక్కలోకి రాదు, అది యూరియాకూ వస్తుంది.

నాలుగు జతల్లోనూ టానిక్ గడే గెలిస్తే మరో సీజను చేసి చూడండి. రెండు అటు, రెండు ఇటు అయితే సీసా కొనడం మానండి.

డీలరు ఈ గళ్లు వేయడు, సీసా అమ్ముతాడు. వచ్చే పంటకు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి, భాస్వరం ఎరువుతో మాత్రం కలపొద్దు. అంతకంటే ముందు మట్టి పరీక్ష చేయించండి.