అనంతపురంలో మా బళ్ళో 8వ తరగతి పిల్లలతో ఒకరోజు అంగడి పెట్టించాలి, ఏం అమ్మిస్తే మేలు?

అనంతపురం బడి అన్నారు కాబట్టి బొరుగుల మసాలా పెట్టించండి. పొయ్యి అక్కర్లేదు, సరుకంతా పాతూరు అంగళ్ళలో దొరుకుతుంది. చిక్కీ జోలికి మాత్రం పోవద్దు. సర్కారు బళ్ళో మధ్యాహ్న భోజనంతో ఎలాగూ ఇస్తారు, ఇంక కొనేదెవరు? పైగా బెల్లం పాకం పట్టేది అమ్మలే, పిల్లలకు మిగిలేది ముక్కలు పొట్లం కట్టడమే.

40 ప్లేట్లకు బొరుగులు కిలోంబావు, వేయించిన శెనక్కాయ విత్తనాలు 400 గ్రాములు, ఎర్రగడ్డలు ముప్పావు కిలో, టమాటాలు అంతే, నిమ్మకాయలు 8, కొత్తిమీర రెండు కట్టలు, చిన్న గిన్నెడు నూనె. పావు కిలో పుట్నాల పప్పులో ఉప్పు, కారం, ఎండుకొబ్బరి, తెల్లగడ్డ వేసి ఇంటిదగ్గరే పొడి కొట్టుకుని రావాలి. రుచంతా ఆ పొడిదే.

చెడేది ఎక్కడంటే, బెల్లు కొట్టగానే జనం మీద పడతారన్న భయంతో పిల్లలు ముందే బేసిన్ నిండా అన్నీ కలిపేస్తారు. ఉప్పు తగలగానే ఎర్రగడ్డ, టమాటా నీళ్ళొదులుతాయి. కాసేపటికే బొరుగులు మెత్తబడి ముద్దవుతాయి. వరసలో ఉన్నోడు ముందోడి ప్లేటు చూసి పక్క అంగడికి జారుకుంటాడు. అందుకే పొడి సరుకు ఒక బేసిన్‌లో, తడి సరుకు ఇంకో గిన్నెలో పెట్టి, నాలుగేసి ప్లేట్లకు మాత్రమే కలపాలి. టమాటా గింజలు తీసేయండి. నిమ్మరసం చివర్న పిండాలి. డబ్బు తీసుకునే చెయ్యి బొరుగుల్లో పడకూడదు, దానికి వేరే పిల్లోడు ఉండాలి.

అసలు చదువు లెక్కల పుస్తకంలో ఉంది. పెట్టుబడి అమ్మానాన్నలు ఊరికే ఇస్తే ప్రాజెక్టు అక్కడే చచ్చింది. బడి అప్పుగా ఇచ్చి సాయంత్రం వసూలు చేయాలి. కాగితం ప్లేట్లతో కలిపి 300 ఖర్చయింది, ప్లేటు 10 రూపాయలు అనుకుందాం. డబ్బాలో 400 కనబడగానే లాభం 400 అని గంతులేస్తారు. 30 ప్లేట్లు పోయేదాకా వచ్చిందంతా అప్పుదే, లాభం చివరి పదిలోనే. అందులో ఐదు స్నేహితులకూ సార్లకూ ఊరికే పోతే సగం లాభం పోయినట్టే. సార్లు కూడా డబ్బిచ్చే తినాలి, మొహమాటం వద్దు.

టీచరు ఫోనుకు స్కాన్ చేయించొద్దు, అలా చేస్తే పిల్లలకు డబ్బు కంటికే కనబడదు. చిల్లర ముందే తెప్పించుకోండి. మన వైపు పది రూపాయల బిళ్ళ చూపిస్తే మొహం తిప్పుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. అప్పటికి వచ్చిన 14 రకాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పినా వినరు! పిల్లల అంగట్లోనైనా తీసుకోనివ్వండి.

ఇంకో మాట. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లల్ని పది రోజులు సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ళ దగ్గర పని నేర్చుకోమంది. మనవాళ్ళేమో థర్మాకోల్ అట్టలు, బెలూన్లు కట్టి, బాగా ముస్తాబు చేసిన స్టాలుకు బహుమతి ఇస్తారు. ఇవ్వాలంటే లెక్క సరిపోయిన జట్టుకివ్వండి.

నర్సరీ, ఎల్‌కేజీ పిల్లల్నీ కలుపుతామంటే వాళ్ళకు అమ్మకం వద్దు, శెనక్కాయ గింజలు అసలే వద్దు. ముక్కులో దూర్చుకుంటారు, గొంతుకు అడ్డం పడతాయి. ఒక తక్కెడ ఇచ్చి, అటు ఒక పెద్ద ఎర్రగడ్డ, ఇటు ఎన్ని నిమ్మకాయలు పెడితే సరిపోతుందో చూడమనండి. అరగంట కదలరు.