డాక్టర్ సలహా: పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ.. బాబుకేమైనా ఇబ్బందా?

ప్రశ్న: నాకిది తొలి కాన్పు. నరసన్నపేట దగ్గర అమ్మగారింట్లో ఉన్నాను. బాబు 36 వారాలకే పుట్టాడు, ఇప్పుడు 7 వారాలు. పగలంతా పడుకుంటాడు. రాత్రి 1 నుంచి 4 దాకా కళ్లు విప్పి చూస్తుంటాడు, లేదంటే ఏడుస్తాడు. నా పాలే ఇస్తున్నాను, బరువు పెరుగుతున్నాడు. అమ్మ వసకొమ్ము అరగదీసి నాకించమంటోంది. రాత్రి ఒక్కసారి డబ్బాపాలు పడితే నిద్రపోతాడా?

సలహా: మీరు రాసినదాన్ని బట్టి జబ్బు లక్షణాలేవీ లేవమ్మా. ఏది పగలో ఏది రాత్రో వాడి ఒంటికి ఇంకా తెలియలేదు, అంతే. కడుపులో ఉన్నన్నాళ్లూ, చీకటి పడగానే మీ ఒంట్లో ఊరే, నిద్రకు తోడ్పడే మెలటోనిన్ హార్మోన్ మాయ గుండా వాడికి అందేది. బొడ్డుతాడు కోయగానే అది ఆగిపోయింది. సొంత మెలటోనిన్ రాత్రిపూట ఊరడం సాధారణంగా 2, 3 నెలలకు మొదలవుతుంది. రాత్రి నిద్రలో ఒంటి వేడి కాస్త తగ్గడమూ ఇంచుమించు అప్పుడే కుదురుకుంటుంది. పొద్దున హెచ్చి రాత్రికి తగ్గే, మెలకువకు తోడ్పడే కార్టిసాల్ హార్మోన్ కుదురుకోవడం కొందరిలో ఇంకా ఆలస్యం. పైగా మీవాడు 4 వారాలు ముందొచ్చాడు కదా, ఆ లెక్కన ఇంకా 3 వారాల పిల్లాడే.

మెదడులోని గడియారం వెలుతురును బట్టే సమయం దిద్దుకుంటుంది. మన వైపు గాలి సోకుతుందని బాలింత గది కిటికీలు పగలే మూసేస్తారు. రాత్రి పది దాకా ట్యూబులైటు, టీవీ, చూడ్డానికొచ్చిన చుట్టాలు. అంటే బిడ్డకు పగలు చీకటి, రాత్రి వెలుగు!

ఉదయం 7 లోపే కిటికీ తలుపులు తీసి, వెలుతురు పడేచోట కూర్చుని పాలివ్వండి. ఎండ నేరుగా కళ్లలో పడనివ్వొద్దు. పగటి నిద్ర కోసం గది చీకటి చేయకండి, మాటలూ మిక్సీ చప్పుడూ మామూలుగానే ఉండనివ్వండి. 3 గంటలు దాటి పడుకుంటే చుట్టిన గుడ్డ విప్పి, అరికాలు నిమిరి, పాలకు లేపండి. సాయంత్రం ఏడున్నర తర్వాత మసక జీరో బల్బు చాలు, ఎర్రదైతే మరీ మంచిది. రాత్రి పాలిచ్చేటప్పుడు ఫోను చూడొద్దు. గుడ్డ తడిస్తే మార్చండి గానీ పలకరించొద్దు, ఆడించొద్దు. ఫలితం కనబడటానికి రెండు మూడు వారాలైనా పడుతుంది.

చాలామంది తల్లులు తెలియక చేసే పొరపాటు ఇంకొకటుంది. ఈ వయసులో దాదాపు సగం నిద్ర కలత నిద్రే. కనురెప్పల కింద గుడ్లు కదులుతాయి, పెదాలు చప్పరిస్తారు, మూలుగుతారు, ఒక చెయ్యి విసురుతారు. లేచాడనుకుని ఎత్తుకుంటే నిజంగానే లేస్తాడు. ఒకటి రెండు నిమిషాలు ఆగి చూడండి. చాలాసార్లు మళ్లీ సర్దుకుని పడుకుంటాడు.

డబ్బాపాలు వద్దు. రాత్రి మీ పాలలో మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో దాదాపు ఉండదు. రాత్రి పాలు మానేస్తే మీకు పాలు ఊరడమూ తగ్గుతుంది. పాలు పిండి ఫ్రిజ్‌లో పెడుతుంటే గిన్నె మీద తేదీ, సమయం రాసి, రాత్రివి రాత్రే ఉగ్గుగిన్నెతో పట్టండి.

అమ్మగారికి మనవడంటే ప్రేమే, కాదనను. కానీ వసకొమ్ము అరగదీసే రాయి మీది క్రిములు నేరుగా బిడ్డ నోట్లోకి పోతాయి. 6 నెలలు నిండేదాకా నీళ్లు, గ్రైప్ వాటర్ కూడా వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దు. డాక్టర్ రాసిన విటమిన్ డి చుక్కలు మాత్రం ఆపకండి.

పడుకోబెట్టేది ఎప్పుడూ వెల్లకిలానే, మెత్తగా కుంగని పరుపు మీద. ఆవాల దిండు తీసేయండి. మీకు కునుకు పడుతోందనిపిస్తే బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చోవద్దు, ఇంట్లో మరొకరికి ఇవ్వండి. పగలు వాడితోపాటు మీరూ ఒక నిద్ర తీయండి. 3, 4 నెలలకు రాత్రి నిద్ర కొంత పొడవవుతుంది, అప్పుడైనా ఒకటి రెండుసార్లు పాలకు లేవడం మామూలే.

అయితే నిద్ర వేరు, మగత వేరు. లేపినా లేవకపోవడం, పాలు పట్టుకోకపోవడం, రోజుకు 6 సార్ల కంటే తక్కువ మూత్రం, నిమిషానికి 60 లేదా అంతకు మించి ఊపిరి, ఫిట్స్, 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం.. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారిలో బిడ్డకు చలి సోకకుండా మీ గుండెకు ఆనించుకుని, పైన దుప్పటి కప్పండి, ముఖం మాత్రం కప్పకండి.