అరవలేదంటే ఇష్టం ఉన్నట్టా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది విజయనగరం జిల్లా, ఊరు పేరు వద్దండి. మొన్న సిరిమాను పండక్కి మా ఆడపడుచు కూతురు చుట్టాలింటికి వెళ్ళింది, డిగ్రీ ఫైనలియర్, అక్కడ బావ వరసయ్యే వాడొకడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు తన మీద అఘాయిత్యం చేశాడు. ముందు నాకే చెప్పింది. ఇంట్లో తెలిసిన దగ్గర్నుంచి అందరిదీ ఒకటే మాట, "ఏటే, నోరు లేదా, ఒక్క కేక ఎయ్యలేకపోయావా, పక్కింట్లో జనం ఉన్నారు కదా" అని. తనేమో ఒకసారి సాయంత్రం అంటుంది ఒకసారి దీపాలెట్టాక అంటుంది, ఏడవదు, టీవీ చూస్తా కూర్చుంటుంది. వరసైనోడే కదా పెళ్ళి చేసేద్దాం అంటున్నారు పెద్దోళ్ళు. రెండు నెలలైంది. వాళ్ళకి ఏం చెప్పాలండీ?

జవాబు: అమ్మా, ముందు ఆ కేక సంగతే చెప్తాను, మీ ఇంట్లో మిగతా మాటలన్నీ దాన్నుంచే పుట్టాయి. ప్రాణం మీదకొస్తే మనిషి తిరగబడతాడు లేదంటే పారిపోతాడు అనుకుంటాం, మూడోది కూడా ఉంది, ఒళ్ళు బిగుసుకుపోవడం. అన్నీ తెలుస్తూనే ఉంటాయి కానీ గొంతు పెగలదు, చెయ్యి లేవదు, అది ఆలోచించి చేసేది కాదు. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల కోసమే ఉన్న ఎమర్జెన్సీ క్లినిక్‌కి నెల లోపు వచ్చిన 298 మంది ఆడవాళ్ళని అడిగితే 70 శాతం మందికి ఇలా గట్టిగానే బిగుసుకుపోయిందని తేలింది, 48 శాతం మందికి మరీ తీవ్రంగా, 2017లో వచ్చింది ఆ స్టడీ. తర్వాత పీటీఎస్‌డీ (జరిగిందే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చి భయం వదలని మానసిక జబ్బు), డిప్రెషన్ ఎక్కువ వచ్చింది కూడా వీళ్ళకే, అంటే మనం అరవలేదని తిడుతున్నది ఎక్కువ దెబ్బ తిన్న పిల్లనే కావచ్చు.

మన సుప్రీంకోర్టు కూడా ఒకప్పుడు మీ పెద్దోళ్ళలాగే ఆలోచించింది. మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లోనే ఒక ఆదివాసీ అమ్మాయి మీద జరిగిన కేసులో, ఒంటి మీద గాయాల్లేవు, ఎదిరించిన గుర్తుల్లేవు అని 1978లో ఇద్దరు పోలీసుల్ని వదిలేసింది. నలుగురు లా టీచర్లు చీఫ్ జస్టిస్‌కి బహిరంగ లేఖ రాశారు, ఆడవాళ్ళు రోడ్డెక్కారు, 1983లో చట్టం మారింది. ఇంకో మార్పు 2013లో వచ్చింది, ఒంటితో ఎదిరించలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు లెక్క కాదు అని, ఇప్పుడది ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో ఉంది, ఇంట్లో చదివి వినిపించండి.

టైము మార్చి చెప్పడం అబద్ధం కాదు. భయంలో మెదడు కొన్ని ముక్కల్ని గట్టిగా పట్టుకుంటుంది, వాసన, గోడ రంగు, అలాంటివి, ఏది ముందు ఏది వెనక అన్నది జారిపోతుంది. ఏడవకపోవడం కూడా కొత్త కాదు, 1974లోనే బర్జెస్, హోమ్‌స్ట్రామ్ అనే ఇద్దరు పరిశోధకులు అత్యాచారం జరిగాక బోస్టన్ ఆసుపత్రికొచ్చిన ఆడవాళ్ళ గురించి రాశారు, సుమారు సగం మంది ఏడ్చి వణికితే మిగతా సగం పైకి చాలా నిమ్మళంగా ఉన్నారు.

పెళ్ళి మాట మాత్రం మీరే ఆపాలి. తనని పాడు చేసినవాడి పక్కన జీవితాంతం పడుకోమనడం అది, ఇంకేం కాదు. అత్యాచారం కేసులో రాజీ కుదరదని, పెళ్ళి చేసుకుంటానన్నా సరే కుదరదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. చుట్టాలు నిందించే కొద్దీ బాధితురాలి పీటీఎస్‌డీ పెరుగుతుందని సారా ఉల్మన్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ కనిపించింది, కాబట్టి మీ ఇంట్లో ఆ మాటలు ఆగడమే తనకి సగం మందు.

కంప్లైంట్ ఇవ్వాలా వద్దా అనేది తననే తేల్చుకోనివ్వండి. లేటయిందన్న ఒక్క కారణంతో కేసు పోదు, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు రాసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, పేరు బయటపెట్టడం నేరం. తోడు కావాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి చెయ్యండి, వైద్యం, పోలీసు, లాయరు సాయం ఒకే చోట దొరికే సఖి వన్ స్టాప్ సెంటర్ కూడా జిల్లాలో ఉంది. అమెరికాలో ఒక స్టడీలో సంఘటన జరిగిన రెండు వారాలకి 94 శాతం మందిలో పీటీఎస్‌డీ లక్షణాలుంటే మూడు నెలలకి 47 శాతానికి వచ్చాయి, చాలామంది తేరుకుంటారు, కానీ రెండు నెలలైనా నిద్ర లేదు, ఉలిక్కిపడుతోంది, అవే గుర్తొస్తున్నాయంటే సైకియాట్రిస్టుకి చూపించండి. బతకాలని లేదు అన్న మాట ఒక్కసారొచ్చినా తెల్లారేదాకా ఆగకండి, మానసిక సాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రాత్రీ పగలూ ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు, ఆ రాత్రి తనని ఒంటరిగా వదలకండి.