డాబా నుంచి నీరు దిగితే ఖర్చు ఎవరిది?

విజయవాడలో ఐదో అంతస్తులోని మీ పడకగది స్లాబు వానలకు చెమ్మెక్కి పెచ్చులూడిందనీ, కింద ఉన్న చెక్క బీరువా ఉబ్బిపోయిందనీ, అన్నిటికన్నా పై అంతస్తు మీదే కాబట్టి ఖర్చూ మీదేనని అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం అంటోందనీ రాశారు. పసిపిల్లలున్న ఇంట్లో ఆ చెమ్మ ఎంత బాధో నాకు తెలుసు. సంఘం మాట సరికాదు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం పైకప్పు ఉమ్మడి భాగం. దస్తావేజుల్లో దాన్ని ఎవరికీ ప్రత్యేకంగా రాసివ్వకపోతే, మరమ్మతు ఖర్చును యజమానులందరూ తమ వాటాల మేరకు భరించవలసిందే.

అయితే ముందు నీరు ఎక్కడినుంచి దిగుతోందో తేల్చండి, ఎందుకంటే గొడవంతా అక్కడే వస్తుంది. వాన లేని రోజున, సంఘం తరఫున ఒకరిని సాక్షిగా ఉంచి, డాబా తూములను గట్టిగా మూసి, రెండంగుళాల నీరు నిలిపి 48 గంటలు చూడండి. కింద పాత మరక అంచు మళ్లీ నల్లబడితే లోపం పైకప్పుదే. వేసవిలోనూ తడి ఆరకపోతే ట్యాంకు గొట్టాన్ని అనుమానించాలి, అదీ ఉమ్మడిదే.

తేదీ కనబడే ఫొటోలతో కార్యదర్శికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. బీరువాకు పరిహారం కావాలంటే, లీకు సంగతి తెలిసీ సంఘం పట్టించుకోలేదని చూపించవలసి ఉంటుంది కనుక, ఆ నోటీసే మీకు ఆధారం. రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదైన భవనమై, స్వాధీనం చేసి ఐదేళ్లు నిండకపోతే, రెరా చట్టం 14(3) సెక్షన్ కింద 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయవలసింది బిల్డరే. నెలవారీ మెయింటెనెన్సు మాత్రం దయచేసి ఆపకండి. బకాయిదారని ఎదురు వాదించే అవకాశం వాళ్లకు ఇచ్చినట్టవుతుంది.